పిల్లల మెడకి అల్ట్రాసౌండ్: థైరాయిడ్ స్కాన్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు

ఇవాళ్టి ఎపిసోడ్ కొంచెం పెద్దది, టీ పక్కన పెట్టుకుని కూర్చోండి.

గుడివాడ నుంచి ఒక అమ్మ మెసేజ్ పెట్టారు. "తమ్ముడూ, మా పాపకి తొమ్మిదేళ్ళు. మెడ ముందు భాగం కొంచెం లావుగా కనిపిస్తోంది. డాక్టర్ గారు రక్త పరీక్ష, మెడ స్కాన్ రెండూ రాశారు. స్కాన్‌లో థైరాయిడ్ ఉందో లేదో తేలిపోతుంది కదా, మళ్ళీ రక్తం ఎందుకు? చిన్నపిల్లకి స్కాన్ రేడియేషన్ పర్లేదా?" చిన్న మెసేజే గానీ అందులో మూడు ప్రశ్నలున్నాయి. ఈ మూడూ మన దగ్గర దాదాపు ప్రతి ఇంట్లో వినిపించేవే. అందుకే దీని మీద ఒక పూర్తి ఎపిసోడ్ చేద్దాం అనుకున్నా.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి, కొన్నాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాసి, ఇప్పుడు ఇలా మీతో మాట్లాడుతున్న మనిషిని. మందు మొదలుపెట్టడం, మోతాదు మార్చడం, ఆపడం, ఇవన్నీ మీ డాక్టర్ గారి చేతిలో ఉండే పనులు. ఆ గదిలోకి వెళ్ళినప్పుడు జరిగేది మీకు అర్థం కావాలి. నేను చేయగలిగింది అంతవరకే.

ముందు "థైరాయిడ్ ఉందా లేదా" అనే మాట సంగతి చూద్దాం. థైరాయిడ్ జబ్బు పేరు కాదండి, అవయవం పేరు. అది అందరికీ ఉంటుంది, ఉండాలి కూడా. పుట్టుకతోనే అది లేని పిల్లలు ఉంటారు, వాళ్ళ గురించి తర్వాత వివరంగా చెప్తా. మెడ ముందు, గొంతు ముడికి కింద, శ్వాసనాళానికి అటూ ఇటూ రెక్కలు చాచిన సీతాకోకచిలుకలా ఉంటుంది. రెండు రెక్కల్నీ లోబ్స్ అంటారు, మధ్యలో కలిపే సన్నటి పట్టీని ఇస్త్మస్ అంటారు. ఆ గ్రంథి చేసే హార్మోన్ పిల్లల్లో ఎత్తు పెరగడానికి, ఎముకలకి, గుండెకి, పేగులకి కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా పుట్టాక మొదటి రెండు మూడేళ్ళు మెదడు ఎదగడానికి కావాలి.

దీన్ని రెండు రకాలుగా చూడాలి. గ్రంథి ఎలా పనిచేస్తోంది అనేది ఒకటి. ఎలా ఉంది, ఎక్కడుంది, ఎంత ఉంది అనేది ఇంకోటి. మొదటిదానికి జవాబు రక్తంలో ఉంటుంది, అంటే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4. రెండోదానికి జవాబు స్కాన్‌లో ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే సర్వర్ రూమ్‌లో సీసీ కెమెరా పెడితే ర్యాక్ కనిపిస్తుంది, వైర్లు కనిపిస్తాయి, ఎక్కడైనా పొగ వస్తే అదీ కనిపిస్తుంది. సర్వర్ మీద లోడ్ ఎంతుందో మాత్రం కనిపించదు. దానికి లాగ్స్ చూడాలి. రక్తం లాగ్ అనుకోండి, స్కాన్ కెమెరా అనుకోండి. గుడివాడ అక్కకి రెండూ రాసింది అందుకే.

ఇక రేడియేషన్ భయం. అల్ట్రాసౌండ్‌లో ఎక్స్-రే ఉండదు. అది ఉత్త శబ్దం. మన చెవి సెకనుకి 20,000 కంపనాల దాకా వింటుంది. మెడ స్కాన్‌కి వాడే ప్రోబ్ సెకనుకి కోటి కంపనాలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ పంపుతుంది. అదే 10 మెగాహెర్ట్జ్ అంటే. ఆ శబ్దం శరీరంలో సుమారు సెకనుకి 1,540 మీటర్ల వేగంతో వెళ్ళి, ఎక్కడ కణజాలం మారితే అక్కడ కొంచెం తిరిగొస్తుంది. నెట్‌వర్క్‌లో పింగ్ పంపి, రిప్లై ఎంతసేపటికి వచ్చిందో చూసి దూరం లెక్కేసినట్టే. చర్మం కింద 2 సెంటీమీటర్ల లోతులో ఉన్న చోటికి వెళ్ళి రావాలంటే 4 సెంటీమీటర్ల ప్రయాణం, అంటే దాదాపు 26 మైక్రోసెకండ్లు. మెషీన్ ఇలాంటి పింగ్‌లు వేలకొద్దీ పంపి, వచ్చిన జవాబులన్నీ కలిపి బొమ్మ గీస్తుంది.

ఇక్కడ పిల్లలకి ఒక అదృష్టం ఉంది. ఫ్రీక్వెన్సీ పెంచితే బొమ్మ స్పష్టంగా వస్తుంది గానీ శబ్దం లోతుకి వెళ్ళలేదు. పొట్ట స్కాన్‌కి లోతు కావాలి కాబట్టి తక్కువ ఫ్రీక్వెన్సీతో సర్దుకోవాలి. పిల్లల మెడలో థైరాయిడ్ చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది, అందుకని ఎక్కువ ఫ్రీక్వెన్సీ నిశ్చింతగా వాడొచ్చు. 10 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 0.15 మిల్లీమీటర్లే. కాబట్టి ఒకటి రెండు మిల్లీమీటర్ల గడ్డలు కూడా కనిపిస్తాయి. ఇది వరమే, కానీ ఇదే ఒక్కోసారి తలనొప్పి కూడా. ఆ సంగతి తర్వాత చెప్తా.

పూసే ఆ చల్లటి జెల్ మందు కాదండి. ప్రోబ్‌కి, చర్మానికి మధ్య గాలి ఉంటే శబ్దం లోపలికి పోదు, ఆ గాలిని తీసేయడానికే జెల్. తుడిచేస్తే పోతుంది.

ఇప్పుడు అసలైన చోటికి వద్దాం, అప్పుడే పుట్టిన పిల్లల దగ్గరికి. నా దృష్టిలో ఈ ఎపిసోడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే.

కొంతమంది పిల్లలు పుట్టడమే థైరాయిడ్ హార్మోన్ లేకుండానో, చాలా తక్కువతోనో పుడతారు. దీన్ని కంజెనిటల్ హైపోథైరాయిడిజం అంటారు. ఎంతమందికి వస్తుందని అడుగుతారేమో. మన తెలుగు నేల మీద దీన్ని ముందుగా లెక్కపెట్టింది హైదరాబాద్‌లో. అక్కడి నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది నవజాత శిశువుల రక్తపు చుక్కలు పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. 1,700 మందిలో ఒకరికి ఈ సమస్య కనిపించింది. తర్వాత ఐసీఎంఆర్ ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, హైదరాబాద్ నగరాల్లో లక్ష మందికి పైగా శిశువుల్ని పరీక్షిస్తే సగటున సుమారు 1,130 మందిలో ఒకరు తేలారు. కృష్ణా డెల్టాలో ఏడాదికి ఎన్ని కాన్పులవుతాయో మీరే ఒకసారి ఊహించుకోండి. ఇది "ఎక్కడో ఎవరికో" వచ్చే జబ్బు కాదని అర్థమవుతుంది.

దీంతో చిక్కేంటంటే, చాలామంది పిల్లలు పుట్టినప్పుడు మామూలుగానే కనిపిస్తారు. తల్లి హార్మోన్ కొంత మాయ ద్వారా బిడ్డకి అంది ఉంటుంది, దానితో కొన్నాళ్ళు నెట్టుకొస్తారు. తర్వాత మెల్లగా లక్షణాలు మొదలవుతాయి. ఎక్కువ నిద్రపోతారు, పాలు సరిగ్గా తాగరు, విరేచనం గట్టిపడుతుంది, పచ్చకామెర్లు త్వరగా తగ్గవు, ఏడుపు బొంగురుగా ఉంటుంది, బొడ్డు ఉబ్బుతుంది, నాలుక పెద్దదిగా అనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళేమో "మా మనవరాలు ఎంత బుద్ధిమంతురాలో, ఏడవదు, రాత్రంతా నిద్రే" అని మురిసిపోతారు. వాళ్ళని తప్పుపట్టడానికేం లేదు, ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ ఆ నెలలు మళ్ళీ రావు. మొదటి రెండు వారాల్లో మందు మొదలైతే పిల్లలు దాదాపు అందరిలాగే ఎదిగి చదువుకుంటారు. నెలలు గడిచాక మొదలుపెడితే ఎత్తు కొంత దక్కొచ్చు, మెదడుకి జరిగిన నష్టం మాత్రం పూర్తిగా వెనక్కి రాదు.

అందుకే మడమ దగ్గర చిన్న సూదితో రక్తపు చుక్క తీసి టీఎస్‌హెచ్ చూడాలి. పుట్టిన మొదటి రోజు టీఎస్‌హెచ్ సహజంగానే ఎగిసిపడుతుంది, అందుకే 48 గంటలు దాటాక, మూడో రోజు తీసిన శాంపిల్ మంచిది. 1970లలో కెనడాలోని క్యుబెక్‌లో జాన్ డస్సో అనే ఆయన ఈ పద్ధతి మొదలుపెట్టారు. ఇప్పుడు చాలా దేశాల్లో ఇది ప్రతి శిశువుకీ తప్పనిసరి. మన దగ్గర ఇంకా ఆసుపత్రిని బట్టి ఉంటోంది. నిజం చెప్పాలంటే నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. ఒక్క చుక్క రక్తం, ఒక చిన్న మాత్ర, ఇంత చవకగా ఒక జీవితం నిలబెట్టే పరీక్షలు వైద్యంలో ఎన్ని ఉంటాయి చెప్పండి. మీ ఇంట్లో కాన్పు దగ్గర పడితే డిశ్చార్జి కాకముందే "టీఎస్‌హెచ్ స్క్రీనింగ్ చేశారా అండి?" అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

సరే, టీఎస్‌హెచ్ ఎక్కువొచ్చింది, సిరలోంచి తీసిన రక్తంతో ఖాయమైంది. ఇప్పుడు అల్ట్రాసౌండ్ వంతు. మెడలో చూస్తే మూడు రకాల బొమ్మలు కనిపించొచ్చు.

ఒకటి, గ్రంథి ఉండాల్సిన చోట ఖాళీ. శ్వాసనాళం పక్కన రెండు వైపులా గ్రంథి కనబడదు. గ్రంథి అసలు తయారవ్వకపోయి ఉండొచ్చు, లేదా వేరే చోట ఆగిపోయి ఉండొచ్చు. గర్భంలో థైరాయిడ్ మొదట మొలిచేది నాలుక మొదట్లో. అక్కడి నుంచి కిందికి దిగి, ఏడో వారానికల్లా మెడలో తన చోటికి చేరుతుంది. కొంతమందిలో ఆ ప్రయాణం మధ్యలోనే ఆగిపోతుంది, బందరు వెళ్ళాల్సిన బస్సు ఉయ్యూరులోనే నిలిచిపోయినట్టు. అలా నాలుక మొదట్లోనే మిగిలిపోయిన చిన్న గ్రంథి కొన్నాళ్ళు కాస్త పనిచేస్తుంది గానీ పిల్ల అవసరానికి సరిపోదు.

రెండోది, గ్రంథి సరైన చోటే ఉంటుంది, పైగా పెద్దదిగా ఉంటుంది. అంటే ఫ్యాక్టరీ ఉంది, కూలీలున్నారు, లోపల ఏదో ఒక మెషీన్ పనిచేయట్లేదు. హార్మోన్ తయారీలో ఒక ఎంజైమ్ లోపం. ఇది చాలాసార్లు వంశపారంపర్యం. మేనరికాలు ఉన్న కుటుంబాల్లో ఇలాంటి లోపాలు బయటపడే అవకాశం ఎక్కువ. మన జిల్లాల్లో మేనమామ కూతురు, అక్క కూతురు పెళ్ళిళ్ళు ఎన్ని ఉన్నాయో నేను చెప్పక్కర్లేదు. తర్వాతి కాన్పులో ఏం జాగ్రత్త తీసుకోవాలో డాక్టర్ చెప్పాలంటే ఈ తేడా తెలియాలి.

మూడోది, గ్రంథి మామూలు చోట, మామూలు సైజులో ఉంటుంది. ఇలాంటి పిల్లల్లో కొందరికి సమస్య తాత్కాలికం. మూడేళ్ళు వచ్చాక డాక్టర్ పర్యవేక్షణలో మందు కొన్ని వారాలు ఆపి మళ్ళీ పరీక్షించి చూస్తారు. గ్రంథే లేని పిల్లకి ఆ ప్రయోగం అవసరం ఉండదు, మందు జీవితాంతం. చూశారా, పుట్టినప్పుడు తీసిన ఒక్క బొమ్మ మూడేళ్ళ తర్వాత తీసుకునే నిర్ణయాన్ని మార్చేస్తుంది. ఆ రిపోర్టు పారేయకండి.

అల్ట్రాసౌండ్‌కి ఉన్న పరిమితి కూడా చెప్పాలి. నాలుక మొదట్లో దాక్కున్న చిన్న గ్రంథిని అది చాలాసార్లు పట్టుకోలేదు. దానికి టెక్నీషియం స్కాన్ మెరుగు. సిరలోకి చాలా కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం పంపి, పనిచేసే థైరాయిడ్ కణజాలం ఎక్కడుందో కెమెరాతో చూస్తారు. అది అన్ని ఊళ్ళలో దొరకదు. అల్ట్రాసౌండ్ మాత్రం దాదాపు ప్రతి టౌన్‌లో ఉంది. రెండూ ఒకదానికొకటి తోడు.

ఇంకో మాట, ఇది దయచేసి గుర్తుపెట్టుకోండి. స్కాన్ కోసం మందు ఆపకూడదు. "బెజవాడ వెళ్ళి స్కాన్ చేయించాక మొదలుపెడదాం, వచ్చే సోమవారం అపాయింట్‌మెంట్" అని వారం రోజులు పోగొట్టొద్దు. రక్త పరీక్షలో ఖాయమైతే మందు ఆ రోజే మొదలవ్వాలి. మందు మొదలైన రెండు మూడు రోజులకి స్కాన్ తీసినా బొమ్మ మారిపోదు. లెవోథైరాక్సిన్ మాత్రని నలిపి, చెంచాలో తల్లిపాలతోనో నీళ్ళతోనో కలిపి పట్టిస్తారు. ఐరన్, కాల్షియం మందులతో కలిపి ఒకేసారి ఇవ్వకూడదు, అవి దాన్ని ఒంటికి పట్టనివ్వవు.

ఇప్పుడు కొంచెం పెద్ద పిల్లల దగ్గరికి వద్దాం. బడికెళ్ళే వయసులో మెడ లావైతే గాయిటర్ అంటారు, పాత తెలుగులో గళగండం. పూర్వం డాక్టర్లు దీనికి ఒక సులువైన కొలత వాడేవాళ్ళు. పిల్ల బొటనవేలి చివరి కణుపు ఉంది కదా, థైరాయిడ్ ఒక్కో లోబ్ దానికంటే పెద్దదిగా చేతికి తగిలితే గాయిటర్ ఉన్నట్టు లెక్క. ఆ పిల్ల వేలితోనే ఆ పిల్ల మెడకి కొలత. నాకైతే భలే నచ్చింది. ఎంత తెలివైన యూనిట్ అది.

ఈ వేళ్ళ కొలతతోనే ఒక తెలుగాయన దేశం తినే ఉప్పుని మార్చారు. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, విశాఖలో ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివారు, తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్‌గా, ఐసీఎంఆర్ అధిపతిగా చేశారు. 1956లో ఆయన బృందం హిమాలయాల అడుగున కాంగ్రా లోయని మూడు భాగాలు చేసింది. రెండు భాగాలకి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక భాగానికి మామూలు ఉప్పు. బడి పిల్లల మెడలు పట్టి చూశారు. కొన్నేళ్ళకి అయోడిన్ ఉప్పు తిన్న చోట్ల గాయిటర్లు బాగా తగ్గాయి, మామూలు ఉప్పు తిన్న చోట తగ్గలేదు. ఇది కళ్ళారా చూశాక 1962లో దేశమంతటికీ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. మనం కొనే ఉప్పు ప్యాకెట్ మీద "అయోడైజ్డ్" అని ఉండటం వెనక అంత కథ ఉంది. ఏ ఏడోక్లాసు పాఠంలోనైనా ఈయన గురించి ఉందో లేదో గానీ, ఉండాలి.

"మనది సముద్రం పక్క జిల్లా, మన ఉప్పులో అయోడిన్ దానంతటదే ఉంటుంది" అనే మాట డెల్టాలో ఎక్కువ వింటాం. ఇది నిజం కాదు. సముద్రపు నీటిని మడుల్లో ఎండబెట్టి తీసిన ఉప్పులో మిగిలే అయోడిన్ చాలా తక్కువ. చినగంజాం మడుల్లో పండిన ఉప్పైనా సరే, అయోడిన్ కలిపితేనే ఉంటుంది. ఈమధ్య సైంధవ లవణం, పింక్ సాల్ట్ అని ఫ్యాషన్ అయింది, వాటి సంగతీ అంతే. ఆవకాయలోకి కల్లుప్పు వేసుకోండి, దాని జోలికి నేను రాను, మా ఇంట్లో కూడా అదే. కూరల్లోకి రోజూ వాడేది మాత్రం అయోడైజ్డ్ ఉండనివ్వండి.

వేళ్ళ కొలతలో లోపం ఏంటంటే, చిన్న వాపుల్లో ఇద్దరు డాక్టర్లకి రెండు అభిప్రాయాలు వస్తాయి. అల్ట్రాసౌండ్ వచ్చాక ఆ గొడవ తగ్గింది. 1990లలో యూరప్‌లో ఒక వ్యాన్‌లో అల్ట్రాసౌండ్ మెషీన్ పెట్టుకుని, థైరోమొబిల్ అని పేరు పెట్టి, 12 దేశాల్లో 7,500 మందికి పైగా బడి పిల్లల మెడలు కొలుచుకుంటూ తిరిగారు. లెక్క మీకు కూడా వచ్చు. ఒక లోబ్ పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో గుణించి, దాన్ని సుమారు 0.5తో గుణిస్తే మిల్లీలీటర్లలో పరిమాణం వస్తుంది. కొందరు 0.479 వాడతారు, కొందరు 0.52. ఉదాహరణకి 3 × 1.2 × 1.1 అంటే 3.96, దాన్ని 0.52తో గుణిస్తే 2 మిల్లీలీటర్ల పైచిలుకు. రెండు లోబ్‌లూ కలిపితే ఆ పిల్ల థైరాయిడ్ 4 మిల్లీలీటర్లు. ఇది ఎక్కువా తక్కువా అనేది పిల్ల వయసు, ఒంటి సైజుని బట్టి పట్టిక చూసి చెప్పాలి. పెద్దవాళ్ళ అంకెలతో పోల్చకూడదు. రిపోర్టులో మూడు కొలతలూ రెండు వైపులకీ విడివిడిగా రాశారో లేదో చూసుకోండి. "థైరాయిడ్ బల్కీ" అని ఒక్క ముక్క రాసి ఇస్తే వచ్చే ఏడాది దేనితో పోలుస్తారు?

అయోడిన్ సరిపడా దొరికే చోట, బడి వయసు పిల్లల్లో గాయిటర్‌కి ఎక్కువగా కారణం హషిమోటో థైరాయిడైటిస్. 1912లో జపాన్ డాక్టర్ హకారు హషిమోటో వర్ణించారు, అందుకే ఆ పేరు. మన రోగనిరోధక వ్యవస్థే మన గ్రంథి మీద దాడి చేస్తుంది. ఆడపిల్లల్లో ఎక్కువ. స్కాన్‌లో మామూలు థైరాయిడ్ గట్టిగా నునుపుగా రుబ్బిన ఇడ్లీ పిండిలా ఒకే తీరుగా, కొంచెం తెల్లగా కనిపిస్తుంది. హషిమోటోలో అది నల్లబడి, గరుగ్గా, మధ్యలో తెల్లటి చారలతో మచ్చలు మచ్చలుగా ఉంటుంది. దానితో పాటు రక్తంలో యాంటీ టీపీఓ యాంటీబాడీలు చూస్తారు. ఇంట్లో గమనించాల్సింది ఎత్తు. గోడ మీద పెన్సిల్ గీతలు పెట్టే అలవాటుంటే బాగా పనికొస్తుంది. ఏడాదిగా గీత కదలకుండా ఉండి, బరువు మాత్రం పెరుగుతుంటే, చర్మం పొడిబారి, మలబద్ధకం ఉండి, చదువులో చురుకు తగ్గితే అది బద్ధకం అనుకుని తిట్టకండి, రక్తం పరీక్ష చేయించండి. డౌన్ సిండ్రోమ్, టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకి ఇది వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి వాళ్ళకి లక్షణాలు లేకపోయినా ఎప్పటికప్పుడు చూస్తారు.

గుడివాడ అక్కా, మీ పాప విషయంలో డాక్టర్ గారు వెతుకుతున్నది బహుశా ఇదే. ఇది కాకపోతే ఇప్పుడు చెప్పబోయేది కాదని నిర్ధారించుకోవడానికి.

ఇప్పుడు చెప్పబోయేది గడ్డలు, నాడ్యూల్స్. పెద్దవాళ్ళలో థైరాయిడ్ గడ్డలు చాలా మామూలు, పిల్లల్లో అరుదు. కానీ పిల్లల్లో కనిపిస్తే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015లో పిల్లల కోసం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. వాళ్ళ లెక్క ప్రకారం పెద్దవాళ్ళ గడ్డల్లో నూటికి 5 నుంచి 10 క్యాన్సర్ అయితే, పిల్లల గడ్డల్లో నూటికి 22 నుంచి 26. వినగానే గుండె జారుతుంది, నిజమే. అంటే నలుగురిలో దాదాపు ముగ్గురికి కాదు అని కూడా కదా. క్యాన్సర్ అయినా పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్‌కి చికిత్స ఫలితాలు చాలా బాగుంటాయి.

రేడియాలజిస్టు చూసేది గడ్డ సైజు ఒక్కటే కాదు. పిల్లల గ్రంథే చిన్నది, అందులో 1 సెంటీమీటర్ గడ్డ అంటే పెద్దవాళ్ళతో సమానం కాదు. గడ్డ అంచులు గజిబిజిగా ఉన్నాయా, లోపల ఇసుక రేణువుల్లాంటి తెల్లటి చుక్కలున్నాయా, వెడల్పు కంటే లోతు ఎక్కువగా ఉందా, మెడ పక్కన లింఫ్ గ్రంథులు మారాయా, ఇవి చూస్తారు. అనుమానం ఉంటే స్కాన్‌లో చూస్తూనే సన్నటి సూదితో కొన్ని కణాలు తీసి పరీక్షకి పంపుతారు. పిల్లల్లో గుడ్డిగా చేత్తో పట్టుకుని సూది గుచ్చడం కాదు, అల్ట్రాసౌండ్ చూస్తూనే చేయాలి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. పిల్లల ఛాతీలో థైమస్ అని ఒక గ్రంథి ఉంటుంది, పెద్దయ్యే కొద్దీ అది కుంచించుకుపోతుంది. దాని చిన్న తునక ఒకటి కొందరు పిల్లల్లో థైరాయిడ్‌లోపల చిక్కుకుపోతుంది. స్కాన్‌లో అది నల్లగా, లోపల తెల్లటి చుక్కలతో, అచ్చం అనుమానించాల్సిన గడ్డలాగే ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్ళు కింద ఛాతీ దగ్గర అసలు థైమస్‌ని కూడా చూసి "రెండూ ఒకటే తీరు" అని గుర్తుపడతారు. పిల్లల స్కాన్‌లు రోజూ చూసే రేడియాలజిస్టు దగ్గరికి వెళ్ళండని నేను అంటున్నది అందుకే. మెషీన్ ఎంత ఖరీదైనదైనా బొమ్మ చదివేది మనిషే.

ఇంకో సందర్భం ఉంది. నాకు తెలిసి అల్ట్రాసౌండ్ అన్నిటికంటే పెద్ద ప్రమాదాన్ని తప్పించేది ఇక్కడే. మెడ మధ్యలో, సరిగ్గా నడిమిన, గుండ్రటి వాపు. నాలుక బయటపెట్టమంటే ఆ వాపు పైకి కదులుతుంది. ఇది చాలాసార్లు థైరోగ్లోసల్ సిస్ట్. ఇందాక థైరాయిడ్ నాలుక నుంచి కిందికి దిగుతుందన్నా కదా, అది దిగిన దారి తర్వాత పూడిపోవాలి. పూడకుండా మిగిలితే, నీళ్ళు వదలడం ఆపేశాక పంట కాలవలో అక్కడక్కడా మడుగులు నిలిచినట్టు, అక్కడ ద్రవం నిండి గడ్డ అవుతుంది. ఆపరేషన్ చేసి తీసేస్తారు. కానీ కొద్దిమంది పిల్లల్లో ఆ వాపు సిస్ట్ కాదు, దిగుతూ దిగుతూ ఆగిపోయిన థైరాయిడ్. ఆ పిల్లకి ఉన్న ఒకే ఒక్క థైరాయిడ్! చూడకుండా కోసి తీసేస్తే ఆ రోజు నుంచి ఆ పిల్లకి గ్రంథి లేనట్టే. అందుకని ఆపరేషన్‌కి ముందు "కింద సరైన చోట మామూలు థైరాయిడ్ ఉందా?" అని అల్ట్రాసౌండ్‌తో చూడాలి. ఐదు నిమిషాల పని. మీ పిల్లకో, చుట్టాల పిల్లకో ఈ ఆపరేషన్ రాస్తే రిపోర్టులో ఆ వాక్యం ఉందో లేదో చూడమని డాక్టర్ని అడగండి.

ఇంత ఉపయోగం ఉంటే అందరు పిల్లలకీ ఏడాదికోసారి మెడ స్కాన్ చేయించేస్తే పోలా? ఇది చాలామంది అడుగుతారు, ప్యాకేజీలు అమ్మేవాళ్ళు అడగకుండానే చెప్తారు. వద్దండి. 2011లో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత జపాన్‌లో మొదటి విడతలోనే దాదాపు 3 లక్షల మంది పిల్లలకి థైరాయిడ్ అల్ట్రాసౌండ్ చేశారు. ఊహించనంత మందిలో, వందకి పైగా, క్యాన్సర్‌లో అనుమానాలో తేలాయి. రేడియేషన్ వల్ల అంత త్వరగా అన్ని రావడం కుదరదని, ఎప్పటికీ ఇబ్బంది పెట్టని చిన్న చిన్నవి కూడా స్కాన్ బయటకు లాగిందని చాలామంది నిపుణుల అభిప్రాయం. చెర్నోబిల్ కథ వేరు, 1986 తర్వాత అక్కడ కలుషితమైన పాలు తాగిన పిల్లల్లో క్యాన్సర్లు నిజంగానే పెరిగాయి. దక్షిణ కొరియాలో పెద్దవాళ్ళకి ఇలాగే స్కాన్‌లు అలవాటు చేస్తే 1993 నుంచి 2011 మధ్య థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లు అయ్యాయి, చనిపోయేవాళ్ళ సంఖ్య మాత్రం మారలేదు. అన్ని ఆపరేషన్లు, అంత భయం, ఎవరికి లాభం? ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2018లో, అణు ప్రమాదం జరిగినా సరే, మూకుమ్మడి స్కాన్‌లు వద్దంది. ఇందాక ఒకటి రెండు మిల్లీమీటర్లవి కూడా కనిపించడం తలనొప్పి అన్నా కదా, అదే ఇది. వాపు ఉంటే, చేతికి గడ్డ తగిలితే, రక్తంలో తేడా వచ్చి డాక్టర్ రాస్తే చేయించండి. పుట్టినరోజు ఆఫర్ అని చేయించొద్దు.

చేయించుకునే రోజు సంగతులు త్వరగా చెప్పేస్తా. విజయవాడ వస్తే సూర్యారావుపేటలో అడుగుకో స్కానింగ్ సెంటర్ ఉంటుంది. ప్రతిచోటా "ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు" అన్న బోర్డు ఉంటుంది, 1994 చట్టం ప్రకారం ఏ అల్ట్రాసౌండ్ మెషీనైనా రిజిస్టర్ అయి ఉండాలి, మెడ స్కాన్‌కి వాడేదైనా సరే. ఆ బోర్డు లేని చోటికి వెళ్ళకండి. ఈ స్కాన్‌కి పరగడుపున రానక్కర్లేదు, నీళ్ళు తాగి ఆపుకోనక్కర్లేదు. పసిబిడ్డ అయితే పాలు పట్టి నిద్రపుచ్చి తీసుకెళ్తే సగం పని అయిపోయినట్టే. మెడలో గొలుసు, తాయత్తు, నల్లదారం ముందే తీసేయండి. భుజాల కింద చిన్న దిండో, మడిచిన తువ్వాలో పెట్టి తల కొంచెం వెనక్కి వాల్చుతారు. ముందు మీ మెడ మీద కాస్త జెల్ రాయించుకుని చూపిస్తే మూడేళ్ళ పిల్లలు కూడా నవ్వుతూ పడుకుంటారు. పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది.

ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లలుంటే ఇంకో దారి ఉంది. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే బృందాలు అంగన్‌వాడీలకి, బడులకి వచ్చి పిల్లల్ని చూస్తాయి. వాళ్ళు చూడాల్సిన జబ్బుల జాబితాలో గాయిటర్ ఉంది. మెడ వాపు అనుమానం ఉంటే ఆ రోజు పిల్లని బడి మాన్పించకండి, టీచర్‌కి ముందే చెప్పి ఉంచండి.

స్కాన్ అయ్యాక ఫిల్మ్, రిపోర్టు, అదే వారం చేసిన టీఎస్‌హెచ్ కాగితం మూడూ ఒకే ఫైల్‌లో పెట్టండి. ఫోన్‌లో ఫొటో కూడా తీసి ఉంచండి, డెల్టాలో వానాకాలం కాగితాల గతి మనకి తెలిసిందేగా. వచ్చే వారం నవజాత శిశువుల మడమ పరీక్షలో ఇంకా ఏమేం చూస్తారో మాట్లాడుకుందాం. ఉంటానండి.